చికెన్‌లో సాల్మొనెల్లా: ప్లాంటు గేటు దగ్గరే ఆగిపోయిన అమెరికా చట్టం

పచ్చి చికెన్‌లో కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు పరిమితి పెట్టే ప్రతిపాదనను అమెరికా వ్యవసాయ శాఖ 2025 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుంది. గ్రాముకు 10 లేదా అంతకు మించి బ్యాక్టీరియా ఉండి, అందులో ప్రమాదకర రకం ఒక్కటి కనబడినా ఆ సరుకు అమ్మకూడదని 2024 ఆగస్టు నాటి ముసాయిదా చెప్పింది. ఖర్చు తడిసి మోపెడవుతుందన్నది పరిశ్రమ వాదన.

చాలామంది ఈ గొడవకు 1974 తీర్పును మూలంగా చూపిస్తారు. మాంసం ప్యాకెట్ల మీద హెచ్చరిక వేయించాలని ప్రజారోగ్య సంఘం కోరితే, అమెరికా గృహిణులు తెలివితక్కువవాళ్లేం కాదని, వండుకోవడం వాళ్లకు తెలుసని వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. (బాగా ఉడికిన కూరతో నిజంగానే భయం లేదు. పచ్చి చికెన్ కడిగేటప్పుడు సింక్ చుట్టూ చిందే నీళ్లతోనే తంటా.) కానీ అసలు మలుపు 2001లో, టెక్సాస్ కేసులో వచ్చింది.

సుప్రీమ్ బీఫ్ అనే కంపెనీ ఖీమా సాల్మొనెల్లా పరీక్షల్లో మూడుసార్లు తప్పింది. వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టర్లను వెనక్కి పిలవబోయింది. తనిఖీ లేకపోతే ప్లాంటు మూతపడ్డట్టే. ఆ బ్యాక్టీరియా మా దగ్గర పుట్టింది కాదు, కొన్న మాంసంతోనే వచ్చిందని కంపెనీ వాదించింది. టెక్సాస్ మీద అధికారమున్న అప్పీళ్ల కోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్, సరేనంది. దాంతో పరీక్షలో తప్పిందన్న ఒక్క కారణంతో ప్లాంటును ఆపే దారి మూసుకుపోయింది.

కేసు బీఫ్‌ది, దెబ్బ చికెన్‌కు. ఎందుకంటే ఇక్కడ బ్యాక్టీరియా నిజంగానే బయటి నుంచి వస్తుంది. బ్రీడర్ కోడి నుంచి గుడ్డుకు, హేచరీలో పిల్ల నుంచి పిల్లకు, షెడ్డులో లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు), ఎలుకల ద్వారా, చివరికి లారీ ఎక్కించే బుట్టల్లో. కోడి మాత్రం చాలావరకు హుషారుగానే కనిపిస్తుంది. వ్యవసాయ శాఖలోని ఆహార తనిఖీ విభాగానికేమో ఫారంలో అడుగుపెట్టే అధికారం లేదు.

2013-14లో ఫాస్టర్ ఫార్మ్స్ అనే కంపెనీ చికెన్‌తో ముడిపడి 634 మంది జబ్బుపడ్డారు. సరుకును వెనక్కి రప్పించే రీకాల్ వచ్చేసరికి ఏడాది దాటింది. అప్పటికి సాల్మొనెల్లా ప్రమాణం మొత్తం కోడికే ఉంది, జనం ఎక్కువగా కొనే ముక్కలకు లేదు. ఆ లోటు 2016లో తీరింది. శుద్ధి కోసం కోడిని ముంచే రసాయనం నమూనాలోకి కూడా వచ్చి, ల్యాబ్ చేరేలోపు బ్యాక్టీరియాను చంపి తప్పుడు నెగెటివ్ ఇవ్వొచ్చని నమూనా ద్రవాన్ని మార్చిందీ ఆ ఏడాదే.

యూరప్ 2003 నిబంధనతో ఫారం నుంచే మొదలుపెట్టింది. కోతకు ముందు మూడు వారాల్లోపు, బూట్లకు గుడ్డ తొడుక్కుని షెడ్డంతా నడిచి, ఆ గుడ్డను పరీక్షకు పంపుతారు. ప్రధానమైన రెండు రకాలు కలిపి బ్రాయిలర్ మందల్లో 1 శాతానికి మించకూడదన్నది అక్కడి లక్ష్యం.

అమెరికా కూడా 2022 అక్టోబరులో, ప్లాంటుకు వచ్చే మందలను ముందే పరీక్షించాలన్న ఆలోచనను బయటపెట్టింది. 2024 ముసాయిదా వచ్చేసరికి ఆ షరతు లేదు.