పొయ్యి ఎక్కని చేప

పిల్లలకు,

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న వీడియో కాల్‌లో మా ఫ్రిజ్‌లోని గాజు సీసా చూసి "అది పచ్చి చేపా, వండిందా?" అని అడిగారు కదా. రెండూ కాదు. దాన్ని ఇక్కడివాళ్ళు 'ఇన్‌లాగ్డ్ సిల్' అంటారు. సిల్ అంటే హెర్రింగ్ చేప. మన గోదావరి పులసకు దూరపు చుట్టం, ముళ్ళు చూస్తేనే తెలుస్తుంది. ముందు ఉప్పులో ఉంచుతారు, తర్వాత వెనిగర్, పంచదార కలిపిన నీళ్ళలో ఊరబెడతారు. చేపకు సెగ తగలనే తగలదు.

చేపలో పంచదార ఏమిటని మూతి తిప్పుకుంటున్నారని తెలుసు. ఆ సంగతికి వస్తాను, ముందు ఉప్పు సంగతి వినండి. ఈ పశ్చిమ తీరంలో బోహుస్లేన్ అనే ప్రాంతం ఉంది. అక్కడికి హెర్రింగ్ కొన్ని దశాబ్దాలపాటు తండోపతండాలుగా వచ్చేది, ఆ తర్వాత ఒక్కసారిగా రావడం మానేసేది. 1747 నుంచి 1809 దాకా నడిచిన కాలం పేరు మోసింది. అంత చేపను తాజాగా తినడం ఎవరి తరం? ఉప్పు పట్టించి పీపాలకెత్తేవారు, మిగిలింది ఉడికించి దీపాలకు నూనె తీసేవారు. చలికాలంలో పేదింటికి ఆ ఉప్పుచేపే దిక్కు. ఈనాడు అదే చేప లేకుండా క్రిస్మస్ విందుగానీ, ఈస్టర్‌గానీ, జూన్‌లో వచ్చే మిడ్‌సమ్మర్ పండగగానీ జరగదు.

చేసే పద్ధతికి వస్తే, ఉప్పులో ఊరి, ముళ్ళు తీసిన ముక్కలు ఇక్కడ దుకాణంలోనే దొరుకుతాయి. వాటిని చన్నీళ్ళలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. ఉప్పు తగ్గిందో లేదో పొద్దున చిన్న ముక్క కొరికి చూస్తారు. ఇక ఊరబెట్టే నీళ్ళకు కొలత స్వీడన్‌లో ప్రతి ఇంట్లో నోటికొచ్చిందే: 1-2-3. వెనిగర్ ఒక వంతు, పంచదార రెండు, నీళ్ళు మూడు. ఇక్కడ డెసిలీటర్ గిన్నెతో కొలుస్తారు, అంటే 100 మిల్లీలీటర్లు.

లెక్క తేలికే. కానీ ఆ 'ఒకటి' ఏమిటో తెలియకుండా కొలిస్తే చేప పాడవుతుంది. ఇక్కడ వాడేది 'ఎట్టికా' అనే ఘాటు వెనిగర్, అందులో 12 శాతం ఆమ్లం. మన ఊళ్ళో కొట్లో కొనే వెనిగర్‌లో నాలుగైదు శాతమే. ఆ పల్చటి వెనిగర్‌ని ఒక వంతు పోసి, పైన మూడు వంతుల నీళ్ళు పోశారనుకోండి, పులుపు సగం కూడా ఉండదు. చేపను కాపాడేది ఆ పులుపే. అందుకే లెక్క మార్చాలి. 12 శాతంది 100 మిల్లీలీటర్లంటే అందులో ఆమ్లం సుమారు 12 గ్రాములు. నాలుగు శాతం వెనిగర్‌లో అంత రావాలంటే 300 మిల్లీలీటర్లు పోయాలి, అప్పుడు నీళ్ళు 100 చాలు. అయిదు శాతమైతే వెనిగర్ 240, నీళ్ళు 160. పంచదార కొలత మారదు. సీసా మీద శాతం చదవడం మాత్రం మరిచిపోకండి. అంత పులుపును నాలుక ఓర్చుకోవాలంటే తీపి తోడుండాలి, పంచదార వచ్చింది అందుకే.

పంచదార కరిగేదాకా కాచి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిగా పోస్తే చేప ఉడికిపోయి చెదిరిపోతుంది. తర్వాత సీసాలో చేప ముక్కలు, ఎర్రగా ఉండే ఉల్లిపాయ చక్రాలు, క్యారెట్, ఆల్‌స్పైస్ గింజలు, తెల్ల మిరియాలు, లారెల్ ఆకు వరసలుగా పేర్చి, మునిగేదాకా ఆ చల్లారిన వెనిగర్ నీళ్ళు పోయాలి. ఫ్రిజ్‌లో కనీసం రెండు రోజులు కదపకూడదు. నిప్పు చేసే పనిని అక్కడ ఆమ్లం చేస్తుంది: మాంసం తెల్లబడి బిగుస్తుంది, మిగిలిపోయిన సన్న ముళ్ళు మెత్తబడతాయి.

తాజా చేపతో మొదలుపెడితే మాత్రం జాగ్రత్త. హెర్రింగ్‌లో అనిసాకిస్ అనే పురుగు ఉంటుంది, వెనిగర్‌కి అది చస్తుందన్న నమ్మకం లేదు. అందుకే పచ్చిగా తినబోయే చేపను −20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని ఐరోపా నిబంధన. ఇంటి ఫ్రీజర్ అంత చల్లబడకపోవచ్చు, కాబట్టి నేనైతే వారం ఉంచుతాను. ఇంకొకటి, బాల్టిక్ సముద్రపు హెర్రింగ్‌లో డయాక్సిన్లనే విషపదార్థాలు ఎక్కువ. మీ వయసువాళ్ళు ఏడాదికి రెండు మూడుసార్లకు మించి దాన్ని తినొద్దని ఇక్కడి ఆహార శాఖ చెబుతుంది. నేను కొనేది పశ్చిమ సముద్రంది.

మన కవళ్ళతో చేద్దామా అని మీలో ఎవరికో ఈపాటికి ఆలోచన వచ్చే ఉంటుంది. వద్దు. ఆ చేప ఎండలో కాసేపున్నా అందులో హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. అది వండినా పోదు, గడ్డకట్టించినా పోదు, వెనిగర్‌లో వేసినా పోదు. కవళ్ళను పులుసు పెట్టుకోండి, అదీ తాజాగా దొరికినప్పుడే.

తినేటప్పుడు ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, సోయికూర (డిల్), గ్రేడ్‌ఫిల్ అనే పుల్లటి మీగడ పక్కన పెట్టుకుంటారు. పెద్దవాళ్ళు చిన్న గ్లాసులో స్నాప్స్ అనే ఘాటు మద్యం తాగుతూ పాటలు పాడతారు, అది మీకు అనవసరం. ఆవాలు నూరి చేసే 'సేనాప్స్‌సిల్' అని ఇంకో రకం ఉంది. ఆవకాయ తిన్న నోటికి మొదట రుచించేది అదే, నన్నడిగితే మామూలుదానికన్నా అదే మేలు. మీరు వేసవికి వచ్చినప్పుడు దాంతోనే మొదలుపెడదాం. సీసాలో వేళ్ళు పెట్టకుండా ఫోర్కుతో తీస్తేనే ఇస్తాను సుమా.

ఇట్లు,
మీ పెద్దమ్మ