పాలు తాగాలా, మానాలా? నా గదిలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నా దగ్గరికి పాల గురించి అడగడానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. ఒకరు "పాలు పూర్తిగా మానేశానండీ, విషమట కదా" అంటూ కూర్చుంటారు. ఇంకొకరు పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని "ఏం తినకపోయినా పాలు మాత్రం తాగుతాడు మేడమ్, అదొక్కటే ధైర్యం" అంటారు. డైటీషియన్‌గా నన్ను కంగారు పెట్టేది ఈ రెండోవాళ్లే. అందుకే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

అపోహ: పాలు సంపూర్ణ ఆహారం. పిల్లలు పాలు తాగితే చాలు.

ఏడాదిన్నర బాబు. బొద్దుగా ఉన్నాడు, బరువుకేం లోటు లేదు. చేతిలో సీసా మాత్రం వదలడు. రోజుకెన్ని పాలు పడుతున్నావమ్మా అంటే, "లీటరు పైనే మేడమ్, రాత్రి నిద్రలో ఇంకో రెండు సీసాలు" అంది తల్లి గర్వంగా. వాడి అరచేయి విప్పి ఆమె అరచేతి పక్కన పెట్టాను. ఆమె చేతి గీతల్లో ఎరుపుంది. వాడి చేయి సున్నం కొట్టిన గోడలా ఉంది. రిపోర్టులో హిమోగ్లోబిన్ 6.4. ఆ వయసుకు 11 అయినా ఉండాలి.

"ఇన్ని పాలు తాగే పిల్లాడికి రక్తం లేకపోవడమేంటి మేడమ్?"

ఇన్ని పాలు తాగడం వల్లేనమ్మా, అని చెబితే ఆమె నమ్మలేకపోయింది. లెక్క చూడండి. లీటరు ఆవుపాలలో ఉండే ఇనుము ఇంచుమించు అర మిల్లీగ్రాము. ఆ వయసు పిల్లలకు రోజుకు ఏడెనిమిది మిల్లీగ్రాములు కావాలి. పొట్టంతా పాలతో నిండితే ఇక ముద్ద తినడానికి ఆకలెక్కడిది? తిన్న కాస్తలోంచి కూడా ఇనుము సరిగా ఒంటికి పట్టనివ్వకుండా పాలలోని కాల్షియం, కేసీన్ అనే ప్రొటీన్ అడ్డుపడతాయి. ఏడాది నిండని పసివాళ్లలో అయితే ఆవుపాలు పేగుల్లో కంటికి కనిపించనంత రక్తస్రావానికీ కారణం కావచ్చు. అందుకే మొదటి ఏడాది తల్లిపాలు, అవి కుదరకపోతే డాక్టరు చెప్పిన ఫార్ములా. ఏడాది దాటాక రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు. ఎంత మారాం చేసినా 700 దాటనివ్వొద్దు.

ఆ బాబుకి పిల్లల డాక్టరు ఐరన్ చుక్కలు రాశారు. నేను సీసా తీసేయించి, పాలు రెండు కప్పులకు కుదించాను. మొదటి మూడు రోజులు ఇల్లు పీకి పందిరేశాడట. నాలుగో రోజున అక్క కంచంలో చెయ్యి పెట్టాడు.

ఇనుమొక్కటే కాదు. పాలలో పీచు లేదు, విటమిన్ సి లేనట్టే. విటమిన్ డి కూడా బయట నుంచి కలిపితే తప్ప పెద్దగా ఉండదు. మంచి మాంసకృత్తులు, కాల్షియం, బి12, రైబోఫ్లేవిన్ మాత్రం పుష్కలం. అంటే మంచి ఆహారమే, సంపూర్ణం మాత్రం కాదు.

అపోహ: పాలు మానితే ఎముకలు గుల్లబారతాయి. దీనికి ఎదురు అపోహ: పాలే ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తాయి.

ఒకే ఇంట్లో అత్తగారు మొదటిది, కోడలు రెండోది నమ్మి నా ముందే వాదించుకున్న సందర్భాలున్నాయి. చెరి సగం తప్పు.

కోడలి వైపు వాదన ఇలా ఉంటుంది: పాలు రక్తంలో ఆమ్లాన్ని పెంచుతాయి, దాన్ని తగ్గించుకోవడానికి శరీరం ఎముకలు కరిగిస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ రక్తం ఆమ్లతను చెప్పే పీహెచ్‌ని 7.35, 7.45 మధ్య నిలబెట్టే పని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు నిమిషనిమిషం చేస్తూనే ఉంటాయి, మనం తాగిన గ్లాసుకు అది తారుమారు కాదు. పైగా పాలు మోపే ఆమ్లభారం దాదాపు సున్నా.

ఇక పరిశోధనలు. 2014లో స్వీడన్ నుంచి ఒకటి వచ్చింది. 61 వేల మందికి పైగా ఆడవాళ్లు, 45 వేల మందికి పైగా మగవాళ్లు. రోజుకు మూడు గ్లాసులు, అంతకు మించి పాలు తాగిన ఆడవాళ్లలో ఎముకలు విరగడం, మరణాలు ఎక్కువగా కనిపించాయి. "పాలు తాగితే చస్తారు" అన్న మాట అప్పట్నుంచి చక్కర్లు కొడుతోంది. అదే అధ్యయనంలో పెరుగు, మజ్జిగ లాంటి పులిసినవాటితో ఫలితం ఇందుకు తిరగబడిన సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఇలాంటి అధ్యయనం జనాన్ని గమనిస్తుంది, అంతే. ఎముకలు బలహీనమని తెలిసి ఎక్కువ పాలు తాగడం మొదలుపెట్టినవాళ్లు ఆ గుంపులో ఎందరో చెప్పలేం. ఫలితాలను జాగ్రత్తగా చూడమని రాసినవాళ్లే హెచ్చరించారు.

2021లో ఆస్ట్రేలియా నుంచి వెలువడింది అలా గమనించి ఊరుకున్నది కాదు, చేసి చూసిన ప్రయోగం. 60 వృద్ధాశ్రమాలు, 7,195 మంది. సగం ఆశ్రమాల్లో రెండేళ్ల పాటు పాలు, యోగర్ట్, చీజ్ పెంచారు. ఎముకలు విరగడం 33 శాతం తగ్గింది, తుంటి ఎముక విరగడం 46 శాతం తగ్గింది. అంతకుముందు ఆ పెద్దవాళ్లకు రోజుకు అందుతున్న కాల్షియం 700 మిల్లీగ్రాములే, దాన్ని 1,142కి తెచ్చారు.

నాకు ఇందులో అర్థమైంది ఇది: లోటున్నవాళ్లకు పాలు పనిచేస్తాయి. తిండిలో కాల్షియం, మాంసకృత్తులు సరిపడా అందుతున్నవాళ్లు మరో గ్లాసు తాగినంత మాత్రాన ఎముకలు ఇనుప కడ్డీలైపోవు. అత్తగారికి నేను పాలు కొనసాగించమన్నాను, దాంతోపాటు నడక కూడా రాశాను. కోడలు పాలు మానాలనుకుంటే మానొచ్చు, కానీ ఆ లోటు దేనితో పూడుస్తుందో నాకు చెప్పాలి. గ్లాసు పాలలో, అంటే 250 మిల్లీలీటర్లలో, ఇంచుమించు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అందులో మూడో వంతు దాకా ఒంటికి పడుతుంది. పాలకూరలోనూ కాల్షియం బోలెడుందని చార్టుల్లో రాస్తారు. అందులోని ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి ఒంటికి చేరేది నూటికి ఐదు పాళ్లు. చార్టులో అంకె ఎంతుందని కాదు, పేగు గోడ దాటి లోపలికి ఎంత పోతుందని చూడాలి.

అపోహ: పెద్దయ్యాక పాలు తాగేది మనిషొక్కడే, కాబట్టి అది ప్రకృతి విరుద్ధం.

వంట చేసుకునేది, కళ్లజోడు పెట్టుకునేది కూడా మనిషొక్కడేనండీ.

అయితే ఈ మాటలో ఒక నిజం దాగుంది. పాలచక్కెరను, అంటే లాక్టోజ్‌ను, అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ చంటిపిల్లలందరిలో ఉంటుంది. ప్రపంచంలో మూడింట రెండొంతుల మందికి వయసు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. మిగతావాళ్లలో తగ్గకుండా ఉండటానికి కారణమైన జన్యు మార్పుల్లో ఒకదాన్ని 2002లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. నాకు ముచ్చటగా అనిపించేదేంటంటే, ఇప్పటి టర్కీ ప్రాంతంలో దొరికిన దాదాపు తొమ్మిది వేల ఏళ్ల నాటి కుండపెంకుల్లో పాల కొవ్వు ఆనవాళ్లున్నాయి. అంటే ఆ మార్పు జనంలో వ్యాపించడానికి వేల ఏళ్ల ముందే మనుషులు పాలు వాడుతున్నారన్నమాట.

ఎంజైమ్ తగ్గినవాళ్లకు కడుపుబ్బరం, గ్యాస్, విరేచనాలు. కానీ "నాకు పాలు పడవు" అనేవాళ్లలో చాలామంది ఒక గ్లాసు పాలను, అంటే 12 గ్రాముల లాక్టోజ్‌ను, భోజనంతో పాటు తీసుకుంటే ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు. ఖాళీ కడుపున గటగటా తాగితేనే గొడవ. పెరుగులో బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది, మన పేగుల్లోకి వెళ్లాక మిగతాది అరగడానికీ సాయం చేస్తుంది. అందుకే పాలు పడనివాళ్లకు పెరుగు పడుతుంది. అనుమానముంటే రెండు వారాలు ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడండి. తేలకపోతే ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఉంది.

దీన్నే అలర్జీ అనేస్తారు, అది మాత్రం ప్రమాదకరమైన పొరపాటు. అలర్జీ పాలచక్కెరతో కాదు, పాల ప్రొటీన్‌తో. దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. చెంచాడు చాలు. వాళ్లకు లాక్టోజ్ లేని పాలు ఇచ్చినా ప్రమాదమే, పెరుగు ఇచ్చినా ప్రమాదమే.

అపోహ: పచ్చిపాలలోనే జీవశక్తి ఉంది, కాస్తే చచ్చిపోతుంది.

చచ్చేవి క్షయ, బ్రూసెల్లా, లిస్టీరియా, సాల్మొనెల్లా లాంటి క్రిములు. పాశ్చరైజేషన్ అంటే 72 డిగ్రీల సెల్సియస్‌లో 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల్లో అరగంట. బి విటమిన్లు కొద్దిగా తగ్గుతాయి. కాల్షియం ఖనిజం, అది ఆవిరై ఎటూ పోదు. 2024లో అమెరికాలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు వాటి పచ్చిపాలలో వైరస్ బతికే కనిపించింది. గర్భిణులకు, పసిపిల్లలకు పచ్చిపాలు వద్దే వద్దు. దీని మీద నేను వాదన పెట్టుకోను.

అపోహ: అల్సర్‌కు చల్లని పాలే మందు.

ఇది డాక్టర్లు మనకు నేర్పిన అపోహ. 1915లో బెర్ట్రామ్ సిప్పీ అనే అమెరికన్ వైద్యుడు గంటగంటకూ పాలు, మీగడ తాగించే వైద్యం పెట్టాడు. దశాబ్దాల పాటు అదే నడిచింది. పాలు తాగిన వెంటనే మంట చల్లారుతుంది, నిజమే. కాసేపటికి ఆ పాలలోని ప్రొటీన్, కాల్షియమే కడుపులో ఆమ్లాన్ని మళ్లీ ఊరిస్తాయి. చాలా అల్సర్లకు అసలు కారణం హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అని చూపించినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. మంట నెలల తరబడి ఉంటే గ్లాసుతో కాదు, పరీక్షతో తేల్చుకోవాలి.

చిన్న చిన్నవి, త్వరగా

పాలు తాగితే కఫం పెరుగుతుందా? 1990లో 60 మందికి జలుబు వైరస్ ఎక్కించి, ఎవరెన్ని పాలు తాగారో, ముక్కు ఎంత కారిందో తూకం వేసి మరీ చూశారు. సంబంధం కనపడలేదు. పాలు ఉమ్మితో కలిసి గొంతులో కాసేపు చిక్కగా అనిపిస్తాయి, దాన్నే కఫమనుకుంటాం.

ఏ2 పాలు? ఏ1 పాలకూ వీటికీ బీటా కేసీన్ అనే ప్రొటీన్‌లో 67వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం తేడా. ఏ1 పాల వల్ల మధుమేహం, గుండె జబ్బులు వస్తాయన్న వాదనను 2009లో యూరప్ ఆహార భద్రతా సంస్థ పరిశీలించి, రుజువు లేదని తేల్చింది. కొందరికి పొట్టలో తేలిగ్గా అనిపించొచ్చు. లాక్టోజ్ పడనివాళ్లు మాత్రం మోసపోవద్దు, రెండింట్లోనూ లాక్టోజ్ అంతే.

క్యాన్సర్? పాల ఉత్పత్తులు పెద్దపేగు క్యాన్సర్ ముప్పును తగ్గిస్తున్నట్టు ఆధారాలు బాగానే ఉన్నాయి. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు మాత్రం ముప్పు పెంచొచ్చన్న సూచన ఉంది, బలమైంది కాదు. ఇంట్లో ఆ జబ్బు చరిత్ర ఉన్న మగవాళ్లకు నేను మోతాదు మించొద్దనే చెబుతాను.

బాదం పాలు? చాలా ప్యాకెట్లలో బాదం కంటే నీళ్లే ఎక్కువ, గ్లాసుకు గ్రాము ప్రొటీన్ దొరికితే గొప్ప. సోయా పాలే ఆవుపాలకు కాస్త దగ్గరగా వస్తాయి. కాల్షియం కలిపినవి అయితే డబ్బా బాగా కుదపండి, లేకపోతే కాల్షియమంతా అడుగునే ఉండిపోతుంది.

మాత్రలూ పాలూ

దీని గురించి ఎవరూ అడగరు. థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ పాలతో వేసుకుంటే కాల్షియం వాటిని సరిగా పనిచేయనివ్వదు. ఒకావిడకు ఏడాదిలో మూడుసార్లు థైరాయిడ్ మోతాదు పెంచారు, అయినా థైరాయిడ్ తీరు చెప్పే టీఎస్‌హెచ్ దిగలేదు. బరువు తగ్గడం లేదని నా దగ్గరికి పంపారు. పొద్దున లేచింది మొదలు ఏమేం తీసుకుంటారో వరసగా చెప్పమన్నాను.

"లేవగానే మాత్ర వేసుకుంటానండీ."

"దేంతో?"

"పాలతో. ఉత్త కడుపున మందు వేసుకుంటే మంట కదా."

మాత్ర నీళ్లతో వేసుకుని పాలను నాలుగు గంటలు వెనక్కి జరపమని, ఆరు వారాలకు పరీక్ష చేయించి వాళ్ల డాక్టరుకు చూపించమని చెప్పాను. ఈసారి ఆయన మోతాదు తగ్గించారు.