స్పీకర్ మార్చే ముందు సోఫా జరిపి చూడండి: గది ధ్వనిపై అపోహలు, వాస్తవాలు

ఇళ్లలో హోమ్ థియేటర్లు, చిన్న రికార్డింగ్ గదులు సరిచేయడం నా పని. నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి: "అన్నా, కొత్త సబ్‌వూఫర్ కొన్నాను, బూమ్ బూమ్ అంటోంది గానీ డైలాగులు అర్థం కావట్లేదు, ఇంకా పెద్దది తీసుకోమంటారా?" వద్దండీ. సబ్‌వూఫర్ అంటే బేస్, అంటే లోతైన కింది స్వరాలు, పలికించే స్పీకర్. ముందు ఇది చదవండి.

అపోహ: బేస్ బాగా లేదంటే తప్పు సబ్‌వూఫర్‌దే.

వాస్తవం: చాలాసార్లు తప్పు గది కొలతలది. మన ఇళ్లలో 10 అడుగులకు 12 అడుగుల గది మామూలే, స్లాబు ఎత్తు కూడా ఇంచుమించు 10 అడుగులు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది, ఆ వేగాన్ని రెండు గోడల మధ్య దూరానికి (మీటర్లలో) రెట్టింపుతో భాగిస్తే గది ఏ స్వరానికి మోగుతుందో తెలుస్తుంది. 12 అడుగుల వైపు దాదాపు 47 హెర్ట్జ్ (అంటే సెకనుకు 47 కంపనాలు), 10 అడుగుల వైపు 56. ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి అదే 56 రెండోసారి వచ్చి మీద పడుతుంది. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా గదంతా మోగుతుంది, పక్క స్వరం సన్నబడిపోతుంది. ఇంకో సంగతి, 12 అడుగుల పొడవుకి సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆ 47 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది, వెనక గోడకి ఆనుకుంటే అదే ఉబ్బిపోతుంది. మొన్న ఒక ఇంట్లో సోఫాని గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకి లాగాం, అంతే, ఆ ఇంటి పెద్దాయన మృదంగంలో తొప్పి వైపు దెబ్బలు విడివిడిగా వినిపిస్తున్నాయని అదే రికార్డు మూడుసార్లు పెట్టించుకున్నారు.

ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా పెంచి తగ్గించే అమరికతో, సర్దుకోవచ్చు కదా అంటారు. ఉబ్బిన చోట తగ్గించడానికి అది బాగా పనికొస్తుంది. మాయమైన చోట పెంచితే మాత్రం లాభం లేదు, ఎందుకంటే అక్కడ నేరుగా వచ్చే తరంగం, గోడకి తగిలి తిరిగొచ్చే తరంగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మీరు ఎంత పెంచితే రెండూ అంత పెరుగుతాయి. హర్మన్ అనే ఆడియో సంస్థలో పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో చూపించింది కూడా గుర్తుంచుకోండి: దీర్ఘచతురస్రపు గదిలో ఎదురెదురు గోడల మధ్యలో రెండు సబ్‌వూఫర్లు పెడితే, వేర్వేరు సీట్ల మధ్య బేస్ తేడా బాగా తగ్గుతుంది. నాలుగు దాటితే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అపోహ: గోడలకి ఫోమ్ అతికిస్తే పక్కింటికి శబ్దం వెళ్లదు.

వాస్తవం: శబ్దాన్ని ఆపేది బరువు, సందుల్లేకపోవడం. ఇటుక గోడ ఆపుతుంది, తలుపు కింద అర అంగుళం సందు వదిలేస్తుంది. ఫోమ్ చేసేదల్లా గదిలో ప్రతిధ్వని తగ్గించడం, అదీ రెండంగుళాల మందమైతే పై స్వరాల్లోనే. బేస్ అలాగే ఉండిపోయి, తళుకు మాత్రం పోతుంది. గుడ్ల అట్టలు అంతకన్నా దండగ. పైగా మామూలు పాలియురెథేన్ ఫోమ్ భగ్గున అంటుకుంటుంది. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్ గోడలకి అతికించిన అలాంటి ఫోమ్‌కి బాణసంచా నిప్పు తగిలి 100 మంది చనిపోయారు. దయచేసి పిల్లలు పడుకునే గదిలో అది అతికించకండి.

బొంతలు, దూది పరుపులు, నిండుగా పుస్తకాలున్న అల్మరా, తివాచీ, మందపాటి కర్టెన్లను తక్కువగా చూడకండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్ 1895లో ఈ గది ధ్వని శాస్త్రాన్ని మొదలుపెట్టింది పక్క థియేటర్ సీట్ల మెత్తలు రాత్రిళ్లు మోసుకొచ్చి, ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో కొలిచే.

అపోహ: గది ఎంత మూగగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: పాట వినడానికి అలా కాదు. పక్క గోడల నుంచి కొంచెం ప్రతిధ్వని వస్తేనే సంగీతం విశాలంగా ఉందని చాలామంది శ్రోతలకి అనిపిస్తుంది. రికార్డు చేసిన గొంతుల్నీ వాయిద్యాల్నీ కలిపి సరిచూసే మిక్సింగ్ వాళ్ల అవసరం వేరు.

అపోహ: నా చెవులు నన్ను మోసం చెయ్యవు.

వాస్తవం: చెవులు చెయ్యవు, కళ్లు చేస్తాయి. 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అవే స్పీకర్లని ఒకసారి తెర వెనక, ఒకసారి కనబడేలా పెట్టి వినిపించారు. కనబడగానే పెద్ద, ఖరీదైన వాటికి మార్కులు పెరిగాయి, చిన్న చవక సెట్‌కి తగ్గాయి. గదిలో స్పీకర్ చోటు మార్చినందుకు వచ్చిన తేడాని కూడా అప్పుడు సరిగ్గా పట్టుకోలేకపోయారు. అందుకే షోరూమ్‌లో మీ వెంట వచ్చినవాళ్లని స్పీకర్లు మార్చమనండి, మీరు వెనక్కి తిరిగి కూర్చోండి.

ఈ ఆదివారం ఒకటి చేసి చూడండి. సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ ఎక్కువున్న పాట ఒకటి మోగిస్తూ, నేల మీద వంగి గోడల వెంబడి నడవండి. ఎక్కడ స్వరాలన్నీ సమానంగా వినిపిస్తాయో అక్కడే సబ్‌వూఫర్ పెట్టి, మళ్లీ సోఫాలో కూర్చుని వినండి.