లారీ ఆగితే రెస్టేనా? టాకోగ్రాఫ్ అపోహలు - వాస్తవాలు

యూరోపియన్ యూనియన్ దేశాల్లో లారీ నడిపే మనవాళ్ల టాకోగ్రాఫ్ (డ్రైవర్ నడిపిన, పని చేసిన, రెస్ట్ తీసుకున్న గంటలు నమోదు చేసే యంత్రం) రికార్డులు చూడటం నా ఉద్యోగం. వారం తిరిగేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "అన్నా, నేను 9 గంటలు దాటి నడపలేదు. మరి ఫైన్ ఎందుకేశారు?"

అపోహ: బండి ఆగిందంటే రెస్టే.

కాదు, కాదు, కాదు. ఆ 9 గంటలు రోజుకు స్టీరింగ్ పట్టుకున్న లెక్క మాత్రమే. వారంలో రెండుసార్లు 10 దాకా వెళ్లొచ్చు. పని గంటల లెక్క దాని పక్కనే వేరుగా నడుస్తుంటుంది. లోడింగ్, అన్‌లోడింగ్, బెల్టులు బిగించడం, డీజిల్ కొట్టించడం, టైర్లు చూసుకోవడం అన్నీ పనే, అంటే టాకోలో సుత్తుల గుర్తు. బండి ఆగగానే టాకో సాధారణంగా దానంతట అదే సుత్తుల మీదికి వెళ్తుంది. రెస్ట్‌కి ఉండే మంచం గుర్తు మాత్రం మీరే నొక్కాలి. చిక్కంతా అక్కడే.

ఒకాయన రికార్డు చూడండి. ఉదయం 6కి డ్యూటీ ఎక్కాడు. 3 గంటలు పాలెట్లు తోస్తూ మంచం నొక్కి ఉంచాడు. తర్వాత 4 గంటలు నడిపాడు. బ్రేక్ లేకుండా నడపగలిగే నాలుగున్నర గంటలు దాటలేదు కదా అని ఆయన ధీమా. అసలు జరిగింది 7 గంటల ఏకధాటి పని. బ్రేక్ లేకుండా 6 గంటలకు మించి పని చేయకూడదని యూరోపియన్ యూనియన్ 2002/15 డైరెక్టివ్ చెబుతోంది. అది ఒక తప్పు. పని చేస్తూ మంచం నొక్కడం తప్పుడు రికార్డు, అది ఇంకా పెద్ద తప్పు. సీఎంఆర్ కాగితం (సరుకు రవాణా పత్రం) మీదో, గేటు స్లిప్పు మీదో లోడింగ్ టైమ్ ఉంటే తనిఖీ అధికారికి పోల్చి చూడటం ఎంతసేపు? పైగా 2024 డిసెంబర్ 31 నుంచి రోడ్డు మీద 28 రోజులది కాదు, 56 రోజుల రికార్డు చూపించాలి.

"ఆఫీసువాళ్లే నొక్కమన్నారన్నా" అంటారు. అంటారని నాకూ తెలుసు. కంపెనీకీ బాధ్యత ఉంది, కానీ టాకోలో పెట్టే డ్రైవర్ కార్డు మీ పేరున ఉంది.

మరి డాక్ దగ్గర ఊరికే కూర్చుంటే? "రెండు గంటల దాకా నీతో పని లేదు, ఎక్కడికైనా వెళ్లు" అంటే నిశ్చింతగా మంచం నొక్కండి. ఎంతసేపో ముందే చెప్పి, పిలిస్తే రావాలంటే గీత కొట్టిన డబ్బా గుర్తు. అది పని కాదు, బ్రేకూ కాదు. ఎప్పుడు పిలుస్తారో తెలియకుండా సీట్లో కాచుకుని ఉంటే అది పనే.

అపోహ: గంటలు అయిపోతే ఉన్నచోటే ఆపేయాలి.

పోయిన చలికాలం ఒక తమ్ముడు రాత్రిపూట ఫోన్ చేశాడు, గొంతు వణుకుతోంది. ముందు యాక్సిడెంట్ వల్ల మోటార్‌వే మీద ఇరుక్కున్నాడు, తర్వాత వచ్చిన పార్కింగ్ నిండిపోయింది. రోడ్డు పక్క షోల్డర్ మీద ఆపమని వాట్సాప్‌లో ఎవరో సలహా ఇచ్చారట! ఇలాంటి సలహాలిచ్చేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. డ్రైవింగ్ గంటల మీద ఉన్న ఈయూ నిబంధన 561/2006లో ఆర్టికల్ 12 ఉన్నది ఇందుకే. భద్రత దెబ్బతినకుండా, ఆపడానికి అనువైన చోటు దాకా వెళ్లొచ్చు. ఆగగానే ప్రింట్ తీసి కారణం చేత్తో రాయాలి. అలాగే చేయించాను. ముందే తెలిసిన ఆలస్యానికి ఇది పనికిరాదు.

మిగతావి గబగబా. 45 నిమిషాల బ్రేక్‌ను విడగొడితే ముందు 15, తర్వాత 30, తిరగేస్తే చెల్లదు. మధ్యలో ఎంత బ్రేక్ తీసుకున్నా డ్యూటీ ఎక్కినప్పుడు మొదలైన, రోజువారీ రెస్ట్ పూర్తి చేయాల్సిన 24 గంటల లెక్క ఆగదు. 45 గంటల వారపు రెస్ట్ క్యాబిన్‌లో తీసుకోకూడదు, బయట బస ఖర్చు యజమానిదే. మీ జేబులోంచి కట్టి ఉంటే బిల్లు పంపి అడగండి.