శాంటోరిని సాయంత్రం పడవ: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, మేడల వెనక్కి దిగిపోతాడు. అందుకేనేమో, గ్రీసు వెళ్లే మన తెలుగువాళ్లు అన్నిటికన్నా ముందు శాంటోరిని దీవిలో, సముద్రం మీద అస్తమయం చూపించే సాయంత్రం పడవ బుక్ చేయమంటారు. ఆ తర్వాత టీ నగర్ నుంచీ పెరంబూరు నుంచీ వచ్చే ప్రశ్నలన్నీ సూర్యుడి గురించే. అడగాల్సింది గాలి గురించి.

అపోహ: జులై, ఆగస్టుల్లో వాన ఉండదు కాబట్టి అదే మంచి సీజన్.

వాన ఉండదు, నిజమే. కానీ మెల్టెమి అనే ఉత్తరపు గాలి జోరుగా వీచేది ఆ నెలల్లోనే. బాల్కన్ దేశాల మీద అధిక పీడనం, టర్కీ మీద ఎండవేడికి అల్పపీడనం; ఈ తేడా వల్లే ఆ గాలి. ఆకాశం నీలంగా మెరుస్తూనే ఉంటుంది, కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్లకు "ఇంత మంచి రోజున ఎందుకు ఆపారు?" అనిపిస్తుంది. గాలి జోరును చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 6 అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్ల గాలి. అంత గాలిలో కెప్టెన్ కాల్డెరా (అగ్నిపర్వతం కూలి ఏర్పడి, సముద్రం నిండిన పెద్ద గుంట) జోలికి పోకుండా, కొండల చాటున ఉండే దక్షిణ తీరం వెంటే తిప్పి తెస్తాడు. ఇంకా పెరిగితే పోర్టు అధికారులే ప్రయాణం ఆపేస్తారు. అందుకని పడవను చివరి రోజుకి పెట్టుకోకండి. దిగిన మర్నాడే పెట్టుకుంటే, రద్దయినా ఇంకో సాయంత్రం చేతిలో ఉంటుంది. రూటు మారితే డబ్బు వెనక్కిస్తారా అన్నది బుకింగ్ రోజే రాతపూర్వకంగా అడగండి. రద్దుకీ రూటు మార్పుకీ నిబంధనలు వేరుగా ఉండొచ్చు. తేదీలు మన చేతిలో ఉంటే మే చివర, జూన్ మొదలు, లేదా సెప్టెంబరు.

అపోహ: పడవ దీవి ఉత్తర కొసన ఉన్న ఓయా ఊరి కింద ఆగితేనే అస్తమయం కనిపిస్తుంది.

చాలా కాటమరాన్లు (పక్కపక్కన రెండు పొట్టలు, అంటే నీటిలో తేలే రెండు అడుగుభాగాలు ఉన్న పడవలు) దక్షిణాన వ్లిహాదా రేవులో బయల్దేరి ఎర్ర బీచ్, తెల్ల బీచ్, అక్రోతిరి దీపస్తంభం దాటి కాల్డెరాలోకి వస్తాయి. మొత్తం సుమారు 5 గంటలు. జూన్‌లో సూర్యుడు నేరు పడమరకి 30 డిగ్రీలు ఉత్తరంగా దిగుతాడు. నడి కాల్డెరాలో నిలబడితే థిరాసియా దీవి అడ్డొస్తుంది. సెప్టెంబరు చివర నేరుగా పడమరకే, అంటే థిరాసియాకీ, ఆస్ప్రోనిసి అనే చిన్న దీవికీ మధ్య ఖాళీ వైపు. కాబట్టి ఆగే చోటు నెలని బట్టి మారుతుంది. పైగా కాల్డెరా లోతు కొన్నిచోట్ల 390 మీటర్ల దాకా ఉంటుంది, లంగరు అందదు.

అపోహ: వేడినీటి బుగ్గలో హాయిగా కూర్చోవచ్చు.

ఆ బుగ్గ ఉన్నది కాల్డెరా మధ్యలోని పాలేయా కమేని అనే చిన్న దీవి దగ్గర; అక్కడి నీరు గోరువెచ్చన, 30 నుంచి 35 డిగ్రీలు. పడవ అక్కడిదాకా పోదు. చల్లటి సముద్రంలోకి దిగి, కొన్ని పదుల మీటర్లు ఈదాలి, మళ్లీ ఈదుకుంటూ రావాలి. ఈత రానివాళ్లు పడవలోనే ఉండటం మేలు. నీటిలో ఇనుము, గంధకం ఉంటాయి: లేతరంగు బట్టలకి తుప్పు మరక పడితే పోదు, వెండి మెట్టెలు, పట్టీలు నల్లబడతాయి. ముందే తీసి పెట్టుకోండి. పాత ముదురురంగు బట్టలు చాలు. తడిబట్టలతో సాయంత్రం గాలికి వణుకు వస్తుంది, పొడి జత, శాలువా ఉండాలి.

అపోహ: కాటమరాన్‌కి రెండు పొట్టలుంటాయి కాబట్టి వాంతులు రావు.

పక్కకి ఒరగడం తగ్గుతుంది, అలల మీద పైకీ కిందికీ ఎగరడం తగ్గదు. పడవ ముందు భాగంలో కట్టిన వల మీద ఫొటోకి కూర్చోండి, ప్రయాణానికి వెనక మధ్యలో. మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్ని అడిగి, ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచేయదు.

అపోహ: అగ్నిపర్వతం కదా, నిప్పు కనిపిస్తుంది.

శాంటోరినిలో చివరి విస్ఫోటం 1950లో. ఎర్ర బీచ్ ఎరుపు ఆక్సీకరణ చెందిన ఇనుముది. నిప్పే చూడాలంటే ఇటలీలోని స్ట్రాంబోలి అగ్నిపర్వత దీవికి వెళ్లాలి. అక్కడ మామూలు రోజుల్లో 10-20 నిమిషాలకోసారి పేలుతుంది. వాయవ్య ముఖాన, నిప్పురాళ్లు దొర్లే షారా దెల్ ఫువోకో వాలు ఎదుట పడవలు ఆగుతాయి. పగటి వెలుగులో కనిపించేది బూడిద పొగే. అందుకే అక్కడ టికెట్ కొనేముందు అస్తమయ సమయం కాదు, చీకటి పడ్డాక పడవ ఎంతసేపు ఆగుతుందో కనుక్కోండి.