తడిగుడ్డకు అందని దుమ్ము

ప్రియమైన పిల్లలూ,

హైదరాబాదులో కోకాపేట వైపు ఉండే ఒక పాప నన్నిలా అడిగింది: "తాతయ్యా, మా పక్కన పెద్ద పెద్ద అపార్టుమెంట్లు కడుతున్నారు. పొద్దున అమ్మ తుడిచిన బాల్కనీ కమ్మీ మీద సాయంత్రానికి నా పేరు రాయగలుగుతున్నాను. ఆ ఇళ్లు కట్టడం అయిపోతే మా గాలి బాగుపడుతుందా?"

ఒక్క మాటలో అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. కమ్మీ మీద వాలి నీచేత పేరు రాయించుకున్న దుమ్ము గురించి నాకు అంత దిగులు లేదు తల్లీ. దాన్ని తడిగుడ్డ చూసుకుంటుంది. ఎక్కడా వాలకుండా గాలిలోనే ఉండిపోయే దుమ్ము గురించే నా దిగులంతా. ఆ సంగతి అర్థం కావాలంటే మీరు నాతోపాటు మా ఊరి కళ్లంలోకి రావాలి.

నా చిన్నప్పుడు వరి నూర్చాక ధాన్యాన్ని తూర్పారబట్టేవారు. మా పెద్దనాన్న ఎత్తు పీట ఎక్కి, చేటను తలపైకెత్తి, గింజల్ని సన్నటి ధారగా జారవిడిచేవారు. గట్టి గింజ ఆయన కాళ్ల దగ్గరే రాశి పడేది. తాలు గింజ కాస్త అవతల పడేది. పొట్టు, గడ్డి తునకలు గాలివాలున ఇంకా దూరం పోయేవి. నూగు మాత్రం ఎక్కడ పడేదో ఎవరికీ తెలిసేది కాదు. గాలివాలు వైపు వెళ్లవద్దని పెద్దలు ఎంత చెప్పినా మేము అటే పోయి గడ్డివాము మీద గెంతేవాళ్లం. ఆ రాత్రి మెడంతా, మోచేతులంతా ఒకటే దురద. నాయనమ్మ దీపం దగ్గరికి తెచ్చి వెతికినా వంటి మీద ఒక్క పోగు కనిపించేది కాదు. ఎండిన వరిగడ్డి వాసన తగిలితే నా మెడ ఇప్పటికీ జలదరిస్తుంది.

మీ పక్కన జరుగుతున్నదీ తూర్పారబట్టడమే. జేసీబీ పునాది తవ్వుతుంది, టిప్పరు, రాళ్లను పొడిచేసి తయారుచేసే రోబో ఇసుకను దించుతుంది, యంత్రం గ్రానైటు పలకను కోస్తుంది. గాలి ఆ ధూళినంతా బరువును బట్టి వేరు చేస్తుంది. పదో అంతస్తు నుంచి, అంటే సుమారు 30 మీటర్ల ఎత్తు నుంచి, రాతిపొడి రాలిందనుకోండి. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. 100 మైక్రాన్ల రేణువు నిమిషంలో నేల మీదికి వచ్చేస్తుంది. 10 మైక్రాన్లది గాలి అసలు కదలకపోయినా గంట తీసుకుంటుంది. 2.5 మైక్రాన్లదైతే సుమారు 15 గంటలు! గాలి కదలకుండా ఎప్పుడుంటుంది గనుక? అందుకే అది ఊరంతా తిరుగుతుంది. పెద్ద రేణువుల్ని ముక్కు, గొంతు చాలావరకు పట్టి ఆపుతాయి. ఈ నూగు వాటిని దాటిపోయి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళుతుంది.

తవ్వకాల్లో, కోతల్లో లేచే ధూళిలో ఎక్కువ భాగం ముతకదే. సన్నటి నూగులో చాలా భాగం మంట నుంచి, పొగ నుంచి వస్తుంది. కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీల డీజిలు పొగ, జనరేటరు పొగ, పనిస్థలంలో తగలబెట్టే సిమెంటు సంచులు, చెక్కముక్కలు, అన్నీ అందులో ఉన్నాయి. పాపా, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఇళ్లు పూర్తయ్యాక కమ్మీ మీది మట్టి తప్పకుండా తగ్గుతుంది. కానీ ఆ ఇళ్లలోకి మనుషులు వస్తారు, వాళ్లతో కార్లూ వస్తాయి. కార్లు రోడ్డు మీది ధూళిని లేపుతాయి, పొగ వదులుతాయి. యాభై అంతస్తులు దాటిన భవనం పక్కకు బస్సు వస్తుందా, మెట్రో వస్తుందా, నడవడానికి కాలిబాట ఉందా అన్నదాన్ని బట్టి మీ గాలి ఉంటుంది. మనుషులకు ఇళ్లు కావాలి, కట్టవద్దని నేను అనను. కట్టేవాళ్లు గాలినీ లెక్కలో వేసుకోవాలంటాను.

చలికాలంలోనే ఇది ఎక్కువగా ఎందుకు తెలుస్తుందో చూడండి. కళ్లంలో గాలి పడిపోతే పెద్దనాన్న చేట దించి కూర్చునేవారు. ఎగిరిన నూగు అక్కడక్కడే తారాడేది. మార్గశిర, పుష్య మాసాల రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి పొర కప్పేసరికి కింది గాలి పైకి లేవదు. ఎండెక్కి నేల వేడెక్కేదాకా రాత్రి పొగ, ధూళి మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతాయి. అందుకని ఈ నెలల్లో పొగమంచు వీడని వేకువన కాకుండా, మధ్యాహ్నం దాటాక ఆడుకోండి.

దీన్ని ఆపడం కష్టమైన విద్యేమీ కాదు. తడిసిన ధాన్యాన్ని తూర్పారబడితే నూగు లేవదు. పనిస్థలంలో కూడా నీళ్లు చల్లాలి, ఇసుక మీద పట్టా కప్పాలి, రాయిని ఆరుబయట కోయకూడదు, మట్టి లారీలకు పైకప్పు గుడ్డ కట్టాలి. ఇవన్నీ 2018 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, గాలిలో ధూళి పరిమితి దాటిన నగరాల కోసం రాసిన నిబంధనల్లో ఉన్నాయి. ధూళి అణచడానికి ఏం చేస్తున్నారో అందరికీ కనిపించేలా బోర్డు పెట్టాలని కూడా వాటిలో ఉంది.

మరొక మాట. మీ కిటికీకి తలుపుంది. ఆ రాయి కోసే మనిషికి లేదు. పాలమూరు నుంచో, ఒడిశా, బీహారు నుంచో వచ్చి, ఆ పనిస్థలంలోనే రేకుల షెడ్డులో నిద్రపోయే కుటుంబాలున్నాయి. గ్రానైటులోని పలుగురాయి పొడిని ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు, దాన్ని నయం చేసే మందు లేదు. కోసేచోట నీళ్లధార పెడితే పొడి చాలా తగ్గుతుంది. నీళ్లు చల్లమని మీరు అడిగితే, మీకంటే ముందు మేలు జరిగేది షెడ్డులో ఆడుకునే మీ వయసు పిల్లలకే. మీ అమ్మానాన్నలతో ఈ మాట చెప్పించండి.

ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది గానీ, మీరే చూస్తే నాకంటే బాగా తెలుస్తుంది. రెండు తెల్లటి అట్టముక్కల మీద పలచగా కొబ్బరినూనె రాయండి. ఒకదాన్ని పని జరిగే వైపు బాల్కనీలో, మరొకదాన్ని రెండోవైపు కిటికీలో పెట్టండి. మర్నాడు భూతద్దంతో చూడండి. నల్లగా ఉందా, ఎర్రమట్టి రంగులో ఉందా, రాతిపొడిలా మెరుస్తోందా? గాలి ఎటునుంచి వీచిందో పక్కనే రాసుకోండి. రంగును బట్టి అది ఎక్కడినుంచి వచ్చిందో ఊహించి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి సరిచూసుకోండి. అటు వెళ్లినప్పుడు గేటు దగ్గర ఆ బోర్డు ఉందో లేదో చూడండి. వాన కురిసిన మర్నాడు కొత్త అట్టలతో మరోసారి పెట్టి, రెంటికీ తేడా ఏమిటో నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య