హెల్త్ చానల్ పోయి ఓప్రా చానల్ వచ్చింది

2011 జనవరి 1న అమెరికాలో డిస్కవరీ కంపెనీ ఆరోగ్య చానల్ 'డిస్కవరీ హెల్త్' పెట్టుకున్నవాళ్లకు అదే నంబరులో టాక్ షోతో పేరు తెచ్చుకున్న ఓప్రా విన్‌ఫ్రే చానల్ 'ఓన్' కనిపించింది. ఒప్పందం మాత్రం మూడేళ్ల కిందటిదే. 2008 జనవరిలోనే డిస్కవరీకీ ఓప్రాకూ చెరి సగం వాటా అని ప్రకటించారు. డిస్కవరీ తన వంతుగా 7 కోట్లకు పైగా ఇళ్లకు వెళ్తున్న ఈ చానల్‌ను ఇచ్చింది, ఓప్రా తన వెబ్‌సైట్ ఇచ్చింది. నిజానికి డిస్కవరీ ఇచ్చింది కార్యక్రమాలను కాదు, కేబుల్‌లో ఉన్న చోటును.

అక్కడ హెల్త్ చానల్‌కు ఈ గతి పట్టడం అదే మొదటిసారి కాదు. 1982లో వయాకామ్ అనే మీడియా కంపెనీ 'కేబుల్ హెల్త్ నెట్‌వర్క్' మొదలుపెట్టింది. టీవీలో వైద్య సలహాలతో అప్పటికే పేరున్న డాక్టర్ ఆర్ట్ యులీన్ అందులో ముఖ్యుడు. రెండేళ్లు తిరక్కముందే దాన్ని 'డేటైమ్' అనే మరో చానల్‌తో కలిపేశారు. అలా పుట్టిన లైఫ్‌టైమ్ తర్వాత ఆడవాళ్ల చానల్‌గా స్థిరపడింది. వైద్యానికి ఆదివారాలు మిగిలాయి. అవి కూడా డాక్టర్ల కోసం చేసిన కార్యక్రమాలు, వాటి మధ్య మందుల కంపెనీల ప్రకటనలు. 1993లో అదీ ఆగింది.

1996లో ఫ్లోరిడాలోని ఆర్లాండోలో 'అమెరికాస్ హెల్త్ నెట్‌వర్క్' వచ్చింది. జనం ఫోన్ చేసేవారు, డాక్టర్లు లైవ్‌లో జవాబు చెప్పేవారు. 1998లో ఇదే చానల్ ఒక ప్రసవాన్ని ఇంటర్నెట్‌లో లైవ్‌గా చూపించింది. తన ప్రేక్షకులు రేపు ఎటు వెళ్తారో తానే దారి చూపించినట్టయింది!

అసలు డబ్బు వచ్చే దారి 1997 ఆగస్టులో తెరుచుకుంది. అంతవరకు ప్రిస్క్రిప్షన్ మందును టీవీలో ప్రచారం చేయాలంటే దుష్ఫలితాల చిట్టా అంతా చెప్పాలి. అర నిమిషంలో అది అయ్యే పని కాదు. ముఖ్యమైన ప్రమాదాలు చెప్పి, మిగతా వివరాలకు ఫోన్ నంబరో వెబ్‌సైటో చూపిస్తే చాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ నెలలో సడలింపు ఇచ్చింది. 1999లో డిస్కవరీ హెల్త్ వచ్చిన వేళ అది. 2001లో డిస్కవరీ తన పోటీదారు 'ది హెల్త్ నెట్‌వర్క్'ను ఫాక్స్ కంపెనీ నుంచి 15.5 కోట్ల డాలర్ల నగదు, కొంత వాటా ఇచ్చి కొనేసింది. ఆర్లాండో చానల్ అప్పటికే అందులో కలిసిపోయింది.

ఇక డిస్కవరీ హెల్త్ తెర మీద ఏం నడిచింది? సలహాల కన్నా కథలే ఎక్కువ నడిచాయి. ప్రసవాలు, అంతుచిక్కని జబ్బులు, పోస్ట్‌మార్టం చేసే డాక్టర్ జాన్ గారావాలియా కేసులు. ఆరోగ్యంగా ఉన్నవాడు ఆరోగ్య సలహా కోసం టీవీ ముందు కూర్చోడు. జబ్బు పడ్డవాడికి తన ఒక్క ప్రశ్నకు జవాబు ఇప్పుడే కావాలి, అది నెట్‌లో దొరుకుతోంది. మధ్యలో మిగిలింది పక్కవాడి జబ్బు కథ. అది ఏ చానల్‌లో వేసినా నడుస్తుంది. ఎనిమిది మంది పిల్లలున్న జంట మీద 2007లో ఇక్కడ మొదలైన 'జాన్ అండ్ కేట్ ప్లస్ ఎయిట్' హిట్ అయ్యాక అదే కంపెనీకి చెందిన పెద్ద చానల్ టీఎల్‌సీకి వెళ్లిపోయింది. ఇంట్లో మంచి వంట ఎప్పుడూ పెద్దాడి కంచంలోకే కదా.

ఓప్రాకు చోటిచ్చాక మిగిలిన కార్యక్రమాలను 2011 ఫిబ్రవరిలో డిస్కవరీ వ్యాయామ చానల్ ఫిట్ టీవీతో కలిపి 'డిస్కవరీ ఫిట్ అండ్ హెల్త్' అన్నారు. 2015 జనవరిలో దాని పేరు 'డిస్కవరీ లైఫ్' అయింది. హెల్త్ అన్న మాట పేరులోంచి కూడా పోయింది.